గుమ్మం పెట్టె

సువార్త సిస్టరు ఆదివారాలు తిన్నది మీరే. ఇంకెవరో కాదు. అద్దాల గదిలో కూర్చుని, ఆ యంత్రానికి "సమతూకం" అని ముద్దుపేరు పెట్టి, రిబ్బను కత్తిరించిన యాజమాన్యం తిన్నది. కొత్త యుగం వచ్చేసిందంటూ వేదికెక్కి శాలువాలు కప్పించుకున్న పెద్దలు తిన్నారు. ఆవిడ మూడో అంతస్తులో ఎవరి మూత్రపు సంచో మారుస్తుంటే, మీరు కింద కేకు కోసుకుని తిన్నారు. మీలో ఒక్కరైనా ఆవిడ గది తలుపు ఎప్పుడైనా తట్టారా? తట్టలేదు. కాబట్టి ఇప్పుడు కూర్చుని వినండి.

రాజమండ్రిలో నిర్మలధార ఆసుపత్రి అంటే గోదావరి గట్టు మీద నిలబడితే కనిపించే తెల్లటి మేడ. అక్కడ ఒకప్పుడు నర్సుల డ్యూటీలు హెడ్ సిస్టరు పెన్సిలుతో వేసేది. పెన్సిలెందుకంటే చెరపడానికి. ఆ పద్ధతేమీ ధర్మదేవత కట్టిన తక్కెడ కాదు. పులస చేప దొరికే రోజుల్లో పులుసు గిన్నె పట్టుకొచ్చినవాళ్ళకి ఆదివారం సెలవు, ఎదురు మాట్లాడినవాళ్ళకి పండగ డ్యూటీ. ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ ఆవిడ వేసిన వంకరని నర్సులు తమలో తాము సరిచేసుకునేవారు. దాన్ని చేబదులు అనేవారు. నీ ఆదివారం నేను చేస్తా, నా మంగళవారం నువ్వు చెయ్యి. పక్కింటికి గ్లాసుడు పంచదార ఇచ్చినట్టు. రాతకోతల్లేవు, నోటిమాటే.

ఆ చేబదుళ్ళ మధ్యకి హిమజ వచ్చింది.

హిమజ చెడ్డపిల్ల కాదు. ముందే చెబుతున్నాను, ఈ కథలో రాక్షసుల కోసం వెతక్కండి. ఆమె తల్లి తునిలో నర్సుగా చేసింది. చిన్నప్పుడు హిమజ పండగ సాయంత్రాలన్నీ పక్కింటివాళ్ళ మెట్ల మీద కూర్చుని వీధి మలుపు కేసి చూస్తూ గడిపింది. పెద్దయ్యాక శరీరాల్లోంచి వచ్చే సన్నటి సంకేతాలని చదివే శాస్త్రం చదివింది. చదివి, ఎదురుచూపుని కొలిచే పరికరం చేసింది. ఏ పిల్లా తనలాగా మెట్ల మీద కూర్చోకూడదన్నది ఆమె పంతం.

మొదటి రోజు మీటింగు హాల్లో నర్సులందరినీ కూర్చోబెట్టింది. చేతిలో అరచేతంత తెల్లపెట్టె. దానికో చిన్న దీపం.

"దీన్ని మీ ఇంటి గుమ్మం మీద బిగిస్తాం. కెమెరా లేదు, మాటలు వినదు. ఇంట్లోవాళ్ళ గుండె నడకని గాలిలోంచే పసిగడుతుంది, అంతే," అంది హిమజ.

"గుండె నడిస్తే మాకేంటమ్మా, ఆగితే కదా మేం పరిగెత్తేది," అంది నూకరత్నం. హాలంతా నవ్వింది. నూకరత్నం పిల్లల వార్డు నర్సు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. సువార్తని సొంత అక్కలా చూసుకునేది.

హిమజ కూడా నవ్వి, గోడ మీద తెర వెలిగించింది. సీతంపేటలో నూకరత్నం ఇంటి గుమ్మానికి అప్పటికే పెట్టె బిగించి ఉంది. ఇంట్లో ఐదేళ్ళ కొడుకు బుజ్జిగాడూ, వాడి నాయనమ్మా ఉన్నారు. తెర మీద ఒక పసుపుచుక్క మినుకుమంటోంది. వీధిలో ఏదో స్కూటరు వెళ్ళింది కాబోలు, చుక్క ఉబ్బింది. స్కూటరు దాటిపోయాక తగ్గింది. మళ్ళీ ఇంకో బండి. మళ్ళీ ఉబ్బింది.

"మీ స్కూటరు శబ్దం అనుకుంటున్నాడు. ఊపిరి బిగబడుతున్నాడు. మీరు కాదని తెలిశాక వదులుతున్నాడు," అంది హిమజ మెల్లగా.

నూకరత్నం పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. హాల్లో సగంమంది ఏడ్చారు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది సువార్త.

లెక్క సులువే. ఎవరి గుమ్మంలో దీపం ఎక్కువ వెలిగితే వాళ్ళకి సెలవు. ఎవరి గుమ్మంలో మసకగా ఉంటే వాళ్ళకి డ్యూటీ. నర్సుల చేతులకి పట్టీలు వేశారు. డ్యూటీ ఎవరిదైతే వాళ్ళ పట్టీకే వార్డు తలుపు తెరుచుకుంటుంది. ఇక చేబదులన్న మాటే లేదు.

సువార్తకి నలభై దాటాయి. అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు. దానవాయిపేటలో మేడ మీద ఒక గది. గదిలో మంచం, కిరోసిన్ వాసన పోని పాత బీరువా, కిటికీలో తులసి. ఆ గది గుమ్మానికీ పెట్టె బిగించారు. ఖాళీ గదిలో ఎదురుచూడ్డానికి గోడలే ఉన్నాయి. గోడలకి గుండె ఉండదు. దీపం ఒక్కసారీ వెలగలేదు.

ఆదివారాలు ఆవిడవి. పండగలు ఆవిడవి. క్రిస్మస్ ఆవిడది. ఊళ్ళో ఎవరికి ఏ వేడుకున్నా ఆ పూట వార్డులో సువార్త ఉంటుంది. మొదట్లో, "పోనీలే, పిల్లల తల్లులు," అనుకుంది. చర్చిలో పాటల బృందం ఆవిడ లేకుండా పాడటం నేర్చుకుంది. వారం మధ్యలో సెలవొస్తే ఊరంతా పనుల్లో ఉండేది. ఆవిడ ఒక్కతే కోటిలింగాల రేవు మెట్ల దాకా నడిచి, నీళ్ళు చూసి, వెనక్కొచ్చేది. మాట్లాడే మనుషులు ఒక్కొక్కరే తగ్గారు. తగ్గేకొద్దీ పెట్టె వెలిగే దారే మూసుకుపోయింది. వెలగని కొద్దీ డ్యూటీలు పెరిగాయి. నీళ్ళు పల్లానికి పోయినట్టు పనంతా ఒంటరిమనిషి వైపే పారింది. దీన్ని మీరు సమతూకం అన్నారు!

అప్పుడు దానియేలు వచ్చాడు, లంగరు గొలుసులో వేలు నలిగి.

దానియేలు పాపికొండల వైపు తిరిగే లాంచీకి సరంగు, అంటే దాన్ని నడిపేవాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. కట్టు మార్పించుకోడానికి వచ్చిన ప్రతిసారీ సువార్త ఉన్న గది ముందే నిలబడేవాడు. వేలు మానిపోయాక కూడా వచ్చాడు.

"సిస్టరు గారూ, ఒక మాటండి. తప్పయితే ఆ కట్టు ఇంకాస్త బిగించెయ్యండి."

"ముందు మాట చెప్పండి."

"నేనొక్కణ్ణేనండి. మీరూ ఒక్కరే అని పాస్టరమ్మగారన్నారు. ఇద్దరొక్కళ్ళు కలిసి ఉంటే కాస్త కూరైనా రుచిగా వండుకుంటారు కదాండి."

సువార్త కట్టు బిగించింది. దానియేలు కెవ్వుమన్నాడు. "అయితే తప్పేనాండి?"

"తప్పని ఎవరన్నారు? కట్టు జారకూడదని బిగించాను," అంది తల వంచుకునే.

ఆ తరవాత అండీలు పోయాయి. నువ్వు అనుకున్నారు. రేవులో టీ తాగారు. ఆవిడ సెలవులూ అతని లాంచీ రోజులూ ఎప్పుడూ కలిసేవి కావు. అయినా దొరికిన గంటలు దొరికాయి.

పెళ్ళి చెయ్యాలంటే వాళ్ళ సంఘంలో ఒక ఆచారం ఉంది. వరసగా మూడు ఆదివారాలు ఆరాధనలో పాస్టరుగారు వధూవరుల పేర్లు చదువుతారు. చదివినప్పుడు ఇద్దరూ లేచి నిలబడాలి. ఎప్పుడో ఒక పిల్లకి తెలియకుండానే పేరు చదివించి పెళ్ళి కుదిర్చారట. అప్పట్నించీ ఈ పట్టింపు. ఒక్క ఆదివారం ఒక్కరు లేకపోయినా మళ్ళీ మొదటినుంచి.

మూడు ఆదివారాలు. సువార్తకి కావలసింది అంతే. ఈ కథలో అడుగుతున్నది కూడా అంతే.

సెలవడిగితే డ్యూటీలు వేసే తెర కాదంది. మళ్ళీ అడిగితే మళ్ళీ కాదంది. నూకరత్నం దగ్గరికి వెళితే ఆమె నెత్తి కొట్టుకుంది. "నీ బదులు నేను చెయ్యనా అక్కా? బంగారంలా చేస్తాను. నా చెయ్యి పెడితే తలుపు తెరుచుకోదే! ఈ ముదనష్టపు పట్టీని మా అత్తకి కట్టినా బాగుండు, ఎటూ కదలకుండా ఉండేది."

సువార్త మధ్యాహ్నం తెరిపి చూసుకుని పై అంతస్తులో హిమజ ప్రయోగశాలకి వెళ్ళింది. గోడ నిండా చిన్న చిన్న పసుపుచుక్కలు, ఇంటికొకటి. వాటి మధ్య ఒక నల్లటి గుండ్రం. అడక్కుండానే అది తనదని ఆవిడకి తెలిసిపోయింది.

"నా కోసం ఎదురుచూసే మనిషి ఉన్నాడమ్మా. కాకపోతే నీళ్ళ మీద ఉంటాడు. అక్కడ మీ పెట్టె లేదు," అంది.

హిమజ మొహం వెలిగింది. నిజంగానే సంతోషించింది. "అయితే లాంచీకే బిగిద్దాం సిస్టర్! గుమ్మమే కావాలని ఏముంది?"

చుక్కాని గది తలుపు మీద పెట్టె బిగించారు. దానియేలుకి అదేదో ఆసుపత్రివాళ్ళ వాతావరణం కొలిచే మీటరని చెప్పారు. అసలు సంగతి తెలిస్తే మనిషి సహజంగా ఉండడని హిమజ నియమం. గోడ మీద నల్లగుండ్రంలో మొట్టమొదటిసారి వెలుగు పుట్టింది. లాంచీ కొండల మలుపు తిరిగి రాజమండ్రి వైపు వచ్చేటప్పుడల్లా అది పెద్దదయ్యేది. సువార్త డ్యూటీ మధ్యలో మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి చూసి పోయేది. ఒకసారి వేలితో ముట్టుకుంది కూడా. తెర చల్లగా ఉంది.

ఆదివారం దొరికింది. పాస్టరుగారు పేర్లు చదివారు. సువార్త తెల్లచీర కట్టుకుని ఆడవాళ్ళ వైపు, దానియేలు ఇస్త్రీ చొక్కాలో మగవాళ్ళ వైపు లేచి నిలబడ్డారు. అతని చొక్కా గుండీ ఒకటి తప్పు రంధ్రంలో ఉంది. వెనక వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. బయటికొచ్చాక ఇద్దరూ అన్నం తిన్నారు. దానియేలు ఆ వారమంతా లాంచీలో ఈల వేసుకుంటూ గడిపాడు.

మరుసటి ఆదివారం సువార్తకి డ్యూటీ పడింది. పేర్ల లెక్క మళ్ళీ మొదటికొచ్చింది.

ఆవిడ మెట్లు రెండేసి ఎక్కుతూ ప్రయోగశాలకి వెళ్ళింది. గోడ మీద లాంచీ చుక్క నల్లబడింది.

హిమజ తడబడింది. "ఆయన... నెమ్మదించారు సిస్టర్. మీరు వస్తారని నమ్మకం కుదిరింది. ఆత్రం లేదు. యంత్రానికి అది ఎదురుచూపు తగ్గినట్టు..."

"అన్నం తిన్నాడు గనక రేపట్నించి వాడికి అన్నం వద్దన్నట్టుందమ్మా!"

హిమజ సర్దుబాటు చేస్తానంది. ఎప్పటికో చెప్పలేనంది. కొలతలు మార్చాలంటే యాజమాన్యం అనుమతి కావాలట.

ఆ పూట క్యాంటీన్లో నూకరత్నం చుట్టూ చూసి, టీ గ్లాసు పక్కకి జరిపి, గొంతు తగ్గించింది. "అక్కా, నీకు తెలీదా? అందరం చేస్తున్నదేగా."

"ఏం చేస్తున్నారు?"

"నాకు ఉగాదికి సెలవు కావాలనుకో. నాలుగు రోజుల ముందే బుజ్జిగాడికి చెప్పేస్తాను, అమ్మ పండక్కి రాదురా అని. వాడు ఏడుస్తాడు. వీధి చప్పుడల్లా విని ఉలిక్కిపడతాడు. పెట్టె దీపంలా వెలిగిపోద్ది. సెలవొచ్చేస్తాది." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "మా వార్డులో మేరీ అయితే, పోట్లాడి పుట్టింటికి పోతానని మొగుణ్ణి బెదిరిస్తాది. నటిస్తే వెలగదే, అదే కష్టం. నిజంగా ఏడవాలి వాళ్ళు."

"పసివాణ్ణి ఏడిపిస్తావా రత్నం?"

"ఏడిపించకపోతే వాడి పక్కన పడుకునే రాత్రి నాకు లేదక్కా. ఏది నయం? నువ్వు చెప్పు."

సువార్త టీ తాగకుండా లేచింది. రెండు రోజులు తనలో తాను కొట్లాడుకుంది. మూడో రోజు లాంచీ బయల్దేరే ముందు రేవుకి ఫోను చేసింది.

"దానియేలూ, నేను ఆలోచించుకోవాలి. పెళ్ళి విషయం. చర్చికి వస్తానో రానో చెప్పలేను."

అటు నుంచి ఇంజను చప్పుడు మధ్యలో, "నేనేమైనా అన్నానా సువార్తా?" అన్నాడు.

ఆవిడ ఫోను పెట్టేసింది. మందుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని నిలబడింది.

వెలుగా అది! గోడ మీద ఇంకే చుక్కా అంత వెలగలేదు. కొండల మధ్య సిగ్నలు లేక ఆగి, బయట పడగానే ఒక్కసారి భగ్గుమనేది. అతను ఫోను చేసేవాడు. ఆవిడ తియ్యలేదు. ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడని కాపలావాడు చెప్పాడు. ఆవిడ వెనక తలుపున వెళ్ళిపోయింది. వారం తిరక్కుండానే తెర మీద వరసగా మూడు ఆదివారాలు సెలవులు పడ్డాయి. ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని, పేర్లు మళ్ళీ చదవమని పాస్టరుగారికి కబురు పెట్టింది. ఇప్పుడే చెబితే సెలవు పోతుందేమో; ఆదివారం పొద్దున దానియేలు చర్చిలో కనబడగానే అంతా చెప్పేస్తుంది. నవ్వుకుంటారు. అంతేగా!

ఆదివారం పాస్టరుగారు పేర్లు చదివారు. సువార్త లేచి నిలబడింది.

మగవాళ్ళ వైపు ఎవరూ లేవలేదు.

పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి చదివారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎవరో దగ్గారు. ఆవిడ అలాగే నిలబడింది. కూర్చోమని పక్కావిడ చీరకొంగు లాగేదాకా నిలబడింది.

ఆరాధన అవకుండానే రేవుకి వెళ్ళింది. దానియేలు లాంచీ తాళ్ళు చుడుతున్నాడు. ఆవిడని చూసి లేచి నిలబడ్డాడు, గౌరవంగా, పరాయి మనిషిని చూసినట్టు. ఆవిడ గడగడా చెప్పింది. పెట్టె, దీపం, సెలవు, అన్నీ. అతను చుక్కాని గది తలుపు మీదికి చూశాడు.

"అంటే నన్ను ఏడిపించి సెలవు తెచ్చుకున్నారాండి?"

ఆ 'అండి' వినగానే సువార్త లాంచీ అంచు పట్టుకుంది.

"ముందే చెప్పుంటే నేనూ ఎదురుచూసినట్టు చేసేవాణ్ణి కదాండి."

"చేస్తే వెలగదు దానియేలూ. నిజంగా ఉండాలి."

"నిజంగానే ఉందండి." తాడు కింద పెట్టాడు. "మా ఆవిణ్ణి కాకినాడ ఆసుపత్రిలో పెట్టినప్పుడు వరండాలో కూర్చునేవాణ్ణి. రేపు చెప్తాం, రేపు చెప్తాం అనేవారు. ఆ కుర్చీలోంచి లేచేసరికి సగం మనిషినయ్యాను. ఈ వారం మళ్ళీ అదే కుర్చీలో కూర్చోబెట్టారు మీరు. నిన్న సాయంత్రం అనుకున్నాను, ఇక చూడకూడదని. చూడ్డం మానేశాక నిద్ర పట్టిందండి."

"ఇప్పుడు తెలిసిందిగా..."

"తెలిసిందండి. మీ తప్పు లేదని కూడా తెలుసు. కానీ రేపు మీకింకో సెలవు కావాలండి. ఆ మర్నాడు ఇంకోటి. జీవితమంతా భయపడుతూ ఉండటం నా వల్ల కాదు." స్క్రూలు విప్పి పెట్టె ఆవిడ చేతిలో పెట్టాడు. "జాగ్రత్తగా దిగండి. మెట్టు జారుతుంది."

ఆవిడ ఆ పెట్టెని సోమవారం తీసుకెళ్ళి హిమజ బల్ల మీద పెట్టింది. హిమజ ఎవరికో చూపించడానికి గ్రాఫు బొమ్మలు సిద్ధం చేస్తోంది. నర్సుల ఇళ్ళలో ఎదురుచూపు నెలనెలా పెరుగుతోందట. కుటుంబాల్లో ప్రేమ పెరిగిందనడానికి అది రుజువట.

"మీ అమ్మ మీకెప్పుడైనా అబద్ధం చెప్పిందా, రానని?" అని అడిగింది సువార్త.

"లేదు. వస్తానని చెప్పి రాలేకపోయేది."

"ఇక్కడ రాగలిగే తల్లులు రామని చెప్తున్నారమ్మా. పిల్లలు ఏడిస్తేనే మీ దీపం వెలుగుతుందని కనిపెట్టారు. అది ప్రేమ కాదు. బెదురు." వేలు గోడ వైపు చూపించింది. పసుపుచుక్కలు మినుకుమంటున్నాయి. "ఇవన్నీ మెట్ల మీద కూర్చున్న పిల్లలే."

హిమజ లేచి అద్దాల గదికి వెళ్ళింది. పరిపాలనాధికారి చక్రధర్ ఆమెని కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. యంత్రం ఇప్పుడు ఆసుపత్రి ఆస్తి అన్నాడు. ఇంకా కొన్ని ఊళ్ళ ఆసుపత్రులు అడుగుతున్నాయన్నాడు. "డ్యూటీలు ఖాళీ లేకుండా నిండుతున్నాయి కదా మేడం? ఇంకేం కావాలి?" అన్నాడు. హిమజ కాఫీ ముట్టకుండా బయటికొచ్చి, రాజీనామా చేసి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళింది. యంత్రం ఉంది.

లాంచీ చుక్క తెర మీద లేకపోయేసరికి మిగిలిన రెండు ఆదివారాలూ వెనక్కి పోయాయి. తరవాతి ఆదివారం పొద్దున డ్యూటీ సువార్తకే పడింది.

ఆవిడ వెళ్ళలేదు.

స్టూలెక్కి గుమ్మం మీద పెట్టె పీకి బీరువా కింద పడేసింది. తల స్నానం చేసింది. పప్పులో మామిడికాయ వేసి, ఒక్కదానికే అయినా తిరగమోత పెట్టి, కంచం ముందు కూర్చుంది. ఫోను మోగింది. చక్రధర్.

"సిస్టర్, ఏంటిది? వార్డులో జనం లేరు. ఇంట్లో ఏమైనా అర్జంటా?"

"ఏం లేదండి. అన్నం తింటున్నాను."

"ఎవరైనా వచ్చారా? ఎవరికైనా బాగోలేదా?"

"ఎవరూ రాలేదండి."

"మరి సెలవు ఎవరి కోసమమ్మా? ఇంట్లో ఎవరున్నారని?"

సువార్త కలిపిన ముద్ద కంచంలో పెట్టింది.

"నేనున్నానండి," అంది.

సాయంత్రానికి ఆవిణ్ణి సస్పెండ్ చేశారు. రెండో రోజుకి ఆవిడ స్థానం నిండింది. గోడ మీద ఇంకో మసకచుక్క దొరికింది యంత్రానికి. ఈసారి కొత్తగా చేరిన పిల్ల, హాస్టల్లో ఉంటుంది, ఊళ్ళో ఎవరూ తెలీదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, కంటితుడుపు మాటలు వద్దు. ఆ సస్పెన్షను ఇవాళే ఎత్తెయ్యండి. ప్రతి గుమ్మం మీంచీ ఆ పెట్టెలు మీ చేతులతో మీరే ఎక్కి దింపండి. చాలినంతమంది నర్సుల్ని వేసుకోండి. ఉన్నవాళ్ళని పిండి లెక్క సరిపెట్టకండి. ఆదివారాలు వంతులవారీగా అందరికీ పంచండి. పిల్లలున్న తల్లికీ, మొగుడున్న మనిషికీ, ఎవరూ లేని మనిషికీ. ఎవరి కోసమని మాత్రం అడక్కండి.